ఆటిజం బిడ్డకు ఏ సెంటరు, ఏ థెరపీ, ఏ బడి? నెల్లూరు, ప్రకాశం తల్లిదండ్రులకు ఎంపిక సలహా

బిడ్డకు ఆటిజం అనో, ఎదుగుదల ఆలస్యం అనో డాక్టరు రాసిచ్చాక ఇంట్లో మొదలయ్యే చర్చ 'ఎక్కడికి తీసుకుపోదాం' అన్నదే. నెల్లూరు పొగతోటలో ఫలానా సెంటరు బాగుంటుందని ఒకరంటారు. చెన్నై పోతే గానీ పని కాదని ఇంకొకరు. పెద్దాసుపత్రిలో ఉచితంగానే చూస్తారు గదా అని మరొకరు. అందరూ మంచి కోరి చెప్పేవాళ్లే. అయితే డబ్బు కట్టే ముందు, బస్సెక్కే ముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి.

వారానికి మూడు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు అనుకుందాం. నెలకు 13 సెషన్లు, అంటే పది గంటలకు కాస్త తక్కువ. మూడేళ్ల బిడ్డ రోజుకు 12 గంటలు మేలుకొని ఉంటే నెలకు 360 గంటలు. ఎంత పేరున్న సెంటరైనా ఆ 360లో పది గంటలే దాని చేతిలో ఉంటాయి. తక్కిన 350 గంటలూ అమ్మ, నాయన, అమ్మమ్మ, నాయనమ్మ చేతుల్లోనే. ఆ 350 గంటల్లో ఏం చెయ్యాలో ఇంటివాళ్లకు నేర్పే చోటే మంచి చోటు. కింద చేసిన పోలికలన్నీ ఈ ఒక్క కొలతతోనే.

ఇది పేదవాళ్లను ఓదార్చడానికి చెప్పే మాట కాదు. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగి 2016లో లాన్సెట్ సైకియాట్రీలో అచ్చయిన 'పాస్' పరిశోధనలో, డిగ్రీలు లేని ఆరోగ్య కార్యకర్తలే శిక్షణ పొంది తల్లిదండ్రులకు నేర్పారు. పదిహేను రోజులకోసారి చొప్పున ఆరు నెలల్లో 12 సార్లు. తల్లి బిడ్డకు స్పందించే తీరు మారింది, బిడ్డ తానుగా తల్లిని పలకరించడం పెరిగింది. థెరపీ గంటలు పెరిగేకొద్దీ ఫలితం కూడా పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదని 2024లో జామా పీడియాట్రిక్స్‌లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. కాబట్టి 'రోజుకు నాలుగు గంటల ప్యాకేజీ తీసుకోకపోతే బిడ్డ వెనకబడిపోతాడు' అని ఎవరైనా భయపెడితే బెదిరిపోకండి.

సెంటరు వెతికే ముందే అయిపోవాల్సినవి

వినికిడి పరీక్ష అన్నిటికన్నా ముందు. పిలిస్తే పలకని బిడ్డకు చెవి వినపడుతోందో లేదో తేల్చకుండా స్పీచ్ థెరపీ మొదలుపెట్టకూడదు. చిన్నపిల్లలకు బెరా అనే పరీక్ష నిద్రలో చేస్తారు. టీవీలో పాట రాగానే పరుగెత్తుకొస్తున్నాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని తీర్మానించుకోవద్దు, కొన్ని స్థాయిల శబ్దాలు మాత్రమే వినపడే పిల్లలూ ఉంటారు. వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పెద్దవాళ్ల ప్రేమను తప్పు పట్టక్కర్లేదు గానీ, దాంతో కాలం గడిచిపోయి పరీక్ష వెనక్కి పోవడమే నష్టం.

ఏడాదికి కూనిరాగాలు, 'బబ్బ, తత్త' లేకపోవడం, వేలితో చూపించకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం: వీటిలో ఏది కనిపించినా ఆగకూడదు. 'వాళ్ల నాయనకి గూడా నాలుగేళ్లకే మాటలొచ్చినయ్' అన్న మాట విని ఏడాది పోగొట్టుకున్న ఇళ్లు మన జిల్లాల్లో ఎన్నో. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ అనే 20 ప్రశ్నల జాబితా ఉంది. 0 నుంచి 2 వస్తే ముప్పు తక్కువ, 3 నుంచి 7 వస్తే మళ్లీ వివరంగా అడగాలి, 8 గానీ ఆపైన గానీ వస్తే నేరుగా నిపుణుల దగ్గరికి పోవాలి. అది వడపోత మాత్రమే, దాంతోనే ఆటిజం అని ముద్ర వేయకూడదు.

మన దగ్గర మేనరికాలు ఎక్కువ. దగ్గరి సంబంధం చేసుకున్నవాళ్ల బిడ్డకు ఎదుగుదల అన్నివైపులా ఆలస్యమవుతుంటే, ఫిట్స్ వస్తుంటే, నేర్చుకున్నవి పోతుంటే జన్యు పరీక్షల సంగతి, జీవక్రియ లోపాల పరీక్షల సంగతి డాక్టరును మీరే అడగండి. థైరాయిడ్ పరీక్ష కూడా. రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నవాళ్లకు జెనెటిక్ కౌన్సెలింగ్ మరీ అవసరం.

ప్రభుత్వ దారి

ఆర్‌బీఎస్‌కే అనే, పిల్లల ఆరోగ్యం పరీక్షించే జాతీయ పథకం 2013 నుంచి నడుస్తోంది. దాని బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వస్తాయి. వాళ్లు అనుమానించిన పిల్లలను జిల్లాస్థాయిలో ఉండే డీఈఐసీకి, అంటే సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. పద్ధతి ప్రకారం అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి-మాట నిపుణులు, సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, కంటి పరీక్ష చేసేవారు ఒకే చోట ఉండాలి. ఖర్చుండదు. ఒక్కరోజులో నాలుగు పరీక్షలు అయిపోవచ్చు.

చిక్కేమిటంటే, పోస్టు ఉండటం వేరు, మనిషి ఉండటం వేరు. స్పీచ్ థెరపిస్టు సెలవులో ఉన్నారని తెలియక ఉదయగిరి నుంచో, గిద్దలూరు నుంచో వచ్చి వట్టిచేతులతో తిరిగిపోతే ఆ కుటుంబం మళ్లీ రాదు. వచ్చే ముందు మీ ఏఎన్ఎం ద్వారానో, ఫోన్ చేసో మూడు సంగతులు కనుక్కోండి: మాట నిపుణులు ఏయే రోజుల్లో ఉంటారు, కొత్త కేసులు ఏ పూట చూస్తారు, బెరా అక్కడే చేస్తారా బయటికి పంపుతారా.

నెల్లూరుకు ఉన్న అదృష్టం వికలాంగుల ప్రాంతీయ పునరావాస కేంద్రం, సీఆర్‌సీ. సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ) కింద నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇది. సున్నా నుంచి ఆరేళ్ల పిల్లల కోసం 2021లో దేశమంతటా మొదలైన 14 సత్వర జోక్య కేంద్రాల్లో నెల్లూరు కూడా ఒకటి. కావలి, కందుకూరు వైపు వాళ్లకే కాదు, ఒంగోలు వాళ్లకూ పొద్దున పినాకిని రైలు ఎక్కితే చేరగల దూరం. మాట, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు నేర్పే చికిత్స), మానసిక అంచనా, ప్రత్యేక విద్య ఒకే గొడుగు కింద దొరకడం, పుస్తకం ప్రకారం అంచనా వేసి కాగితం మీద రాసి ఇవ్వడం ఇలాంటి సంస్థల బలం. సెషన్ల మధ్య ఎడం ఎక్కువగా ఉండొచ్చు. మొదట చెప్పిన కొలతలో ఆ ఎడం పెద్ద లోటు కాదు, వచ్చిన ప్రతిసారీ ఇంట్లో చెయ్యాల్సింది చూపించి పంపితే చాలు. నెలసరి ఆదాయం 22,500 రూపాయల లోపు ఉన్న కుటుంబాలకు వికలాంగులకు ఉపకరణాలిచ్చే అడిప్ పథకం కింద బోధనా సామగ్రి కిట్ ఉచితంగా ఇస్తారు, దాని సంగతి అడగండి.

మూడోది మీ మండలంలోని భవిత కేంద్రం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడుస్తుంది. ఐఈఆర్‌పీలని పిలిచే ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపిస్టు కొన్ని రోజుల్లో వస్తారు, బడికి రాలేని పిల్లలకు ఇంటికే వచ్చి చెప్పే ఏర్పాటూ ఉంది. స్పీచ్ థెరపీ కోసం దీని మీద ఆధారపడలేం. పలకాబలపం ముందు కూర్చోవడం, తోటిపిల్లల మధ్య ఉండటం, బడికి అలవాటు పడటం మాత్రం దీనంత దగ్గరలో ఇంకెక్కడా దొరకవు. చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. అది పొరపాటు.

ప్రైవేటు సెంటరు

ఇక్కడ సౌకర్యం ఎక్కువ: సాయంత్రం స్లాట్, ఒకే థెరపిస్టు, వరుసగా సెషన్లు. మంచివి ఉన్నాయి. బోర్డు మీద పేరు తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. రెంటినీ మొదటి అరగంటలోనే వేరు చెయ్యొచ్చు.

ముందు అర్హత. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు ఆర్‌సీఐలో, అంటే భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. ఇది 1992 చట్టం పెట్టిన నిబంధన. వాళ్ల దగ్గర సీఆర్ఆర్ నంబరు ఉంటుంది, ఆర్‌సీఐ వెబ్‌సైట్లో వెతికితే పేరు కనిపిస్తుంది. అడిగితే కోపం తెచ్చుకునే చోట బిడ్డను వదలొద్దు. ఆక్యుపేషనల్ థెరపిస్టులది వేరే దారి, వాళ్లకు ఆర్‌సీఐ వర్తించదు, బీఓటీ డిగ్రీ ఉందో లేదో చూడాలి. డిగ్రీ ఉన్న మేడం అంచనా రోజున మాత్రమే కనిపించి, రోజూ సెషన్ చేసేది ఇంటర్ చదివిన అమ్మాయి కావడం మామూలుగా జరిగే మోసం. 'రోజూ మా బిడ్డతో కూర్చునేది ఎవరు, ఏం చదివారు' అని పేరు పెట్టి అడగండి.

తర్వాత లక్ష్యాలు. 'మాటలు రావాలి', 'ఏకాగ్రత పెరగాలి' అని రాసిస్తే అది లక్ష్యం కాదు, కోరిక. లక్ష్యం ఇలా ఉంటుంది: తనకు కావాల్సిన ఐదు వస్తువులను వేలితో చూపించో, బొమ్మకార్డు ఇచ్చో, మాటతోనో అడగాలి, పది అవకాశాల్లో ఎనిమిదిసార్లు, సెంటర్లోనే కాదు, ఇంట్లో కూడా, మూడు నెలల్లోపు. ఇలా కొలవగలిగేటట్టు మూడు నాలుగు రాసి, మూడు నెలలకు మళ్లీ కూర్చుని చూసే చోట డబ్బు కట్టొచ్చు.

తలుపు వేసేసి, తల్లిదండ్రులను బయట కుర్చీల్లో కూర్చోబెట్టే చోట్ల గురించి మా అభిప్రాయం గట్టిగానే చెప్తాం: వద్దు. 'అమ్మ ఉంటే ఏడుస్తాడు' అనేది మొదటి వారం వరకు నిజం కావొచ్చు. ఆ తర్వాత కూడా గది చూడనివ్వకపోతే, సీసీ కెమెరా అయినా చూపించకపోతే, సెషన్ చివర ఐదు పది నిమిషాలు ఏం చేశారో మీ చేత చేయించకపోతే ఆ పది గంటలు ఇంటికి చేరవు. బిడ్డను పట్టి కుర్చీకి కట్టినా, కొట్టినా, కళ్లలోకి చూడమని గడ్డం పట్టి బలవంతపెట్టినా ఆరోజే మానేయండి.

ఆరు నెలల ఫీజు ముందే కట్టమనే ప్యాకేజీలు, 'మూడు నెలల్లో మాటలు గ్యారంటీ', 'ఇది ఫోన్ వల్ల వచ్చిన ఆటిజం, మా దగ్గర పోతుంది' అనే హామీలు కూడా అంతే. ఫోను ఆటిజాన్ని తేదు. మాటలు వినాల్సిన గంటలను మింగేస్తుంది, అందుకు తగ్గించాలి.

ఖర్చు పోల్చేటప్పుడు ఫీజు ఒక్కటే చూడొద్దు. బస్సు లేదా పెట్రోలు, పోయిన కూలి లేదా సెలవు, వెంట వచ్చే పెద్దామె ఛార్జీ, బయట తిండి, అన్నీ కలిపి నెలకు ఎంతో రాసుకోండి. అది రెండేళ్లపాటు అప్పు లేకుండా నడుస్తుందా? నడవదనుకుంటే వారానికి మూడు బదులు ఒకటే పెట్టుకుని, మిగతాది ఇంట్లో చేయడం మేలు. మూడేసి సెషన్లు నాలుగు నెలలు చేసి డబ్బులయిపోయి ఏడాది మానేయడం కన్నా, వారానికొకటి రెండేళ్లు నిలకడగా సాగడం బిడ్డకు మంచిది.

చెన్నై, వేలూరు, హైదరాబాద్

చెన్నై దగ్గర ముట్టుకాడులోని ఎన్ఐఈపీఎండీ (బహుళ వైకల్యాల జాతీయ సంస్థ), సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ, వేలూరు సీఎంసీలోని పిల్లల ఎదుగుదల విభాగం మంచి సంస్థలు. వీటిని నిర్ధారణకు, చిక్కుముడి కేసులకు, ఏడాదికో రెండేళ్లకో పథకం మార్చుకోవడానికి వాడుకోవాలి. వారంవారం థెరపీకి కాదు.

దూరం ఒక్కటే కారణం కాదు, భాష కూడా. చెన్నైలో థెరపిస్టు తమిళంలోనో ఇంగ్లీషులోనో మాట్లాడతారు, బిడ్డ ఇంట్లో తెలుగు వింటాడు. ఒక్కో మాటకే నెలలు పట్టే బిడ్డకు నీళ్లకు తమిళంలో 'తణ్ణి' అని నేర్పితే, ఇంట్లో నాయనమ్మ 'నీళ్లు కావాలా' అంటే అది తెగిపోతుంది. 'ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడండి' అని కొన్ని చోట్ల సలహా ఇస్తున్నారు. దానికి ఆధారం లేదు. రెండు భాషల ఇంట్లో పెరగడం ఆటిజం పిల్లల మాటకు అడ్డు కాదని పరిశోధనలు చెబుతున్నాయి. ఇంటి భాషలో, అది తెలుగైనా ఉర్దూ అయినా, ధారాళంగా మాట్లాడండి.

సికింద్రాబాద్‌లో బిడ్డతో పాటు ఉండి శిక్షణ తీసుకునే ఫ్యామిలీ కాటేజీలు ఉన్నాయి. పది రోజులు సెలవు పెట్టగలిగితే ఆరు నెలలు ఊరికే తిరగడం కన్నా ఇదే లాభం. పోయేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరసన పెట్టి, ఇంట్లో బిడ్డ ఆడుకుంటున్న, అన్నం తింటున్న, మొండికేసిన మూడు చిన్న వీడియోలు ఫోన్లో ఉంచుకోండి. కొత్త చోట బిడ్డ బిగుసుకుపోతాడు. ఇంట్లో ఎలా ఉంటాడో డాక్టరుకు చూపించేవి అవే.

ఆన్‌లైన్ సెషన్లు? బిడ్డను స్క్రీన్ ముందు కూర్చోబెట్టి థెరపిస్టు చెప్పే రకం చిన్నపిల్లలకు దండగ. తల్లి చేస్తుంటే అటునుంచి చూసి దిద్దే రకం మార్కాపురం, కనిగిరి వైపు వాళ్లకు నిజంగా పనికొస్తుంది.

ఏ థెరపీ ముందు

స్పీచ్, ఓటీ, ఏబీఏ (ప్రవర్తనను గమనించి, మెట్టుమెట్టుగా నేర్పే పద్ధతి), ప్రత్యేక విద్య: నాలుగూ ఒకేసారి మొదలుపెట్టమంటారు. చేతిలో డబ్బు ఒకదానికే సరిపోతే, మాటరాని బిడ్డకు సంభాషణ మీద పనిచేసేది ముందు. అడగడం రాని బిడ్డ ఏడ్చో, కొరికో, తల కొట్టుకునో అడుగుతాడు. అడగడం వస్తే సగం మొండితనం దానంతట అదే తగ్గుతుంది.

నాలుక వ్యాయామాలు, నోటికి బ్రష్షు పెట్టి రుద్దడం, విజిల్ ఊదించడం మీదే స్పీచ్ సెషన్ అంతా గడిచిపోతుంటే ప్రశ్నించండి. ఆటిజం బిడ్డకు మాట ఆలస్యమయ్యేది చాలావరకు నాలుక బలం లేక కాదు. బొమ్మకార్డులు, ట్యాబ్ యాప్‌లు వాడితే ఇక మాట రాదన్న భయమూ అక్కర్లేదు. అవి మాటను ఆపవని, కొందరిలో మాటకు సాయపడతాయని తేలింది.

ఓటీ అంటే ఉయ్యాలలు, రోలర్లు, బంతుల గుంట అనుకుంటున్నారు. చెవులు మూసుకునే, ఒళ్లంతా గుద్దుకునే పిల్లలకు అవి కాసేపు ఊరట. అసలు ఓటీ విలువ రోజువారీ పనుల్లో ఉంది: చొక్కా గుండీ, చెంచా, పళ్లు తోముకోవడం, బాత్రూం. మీ ఓటీ లక్ష్యాల్లో ఇవి లేకపోతే అడిగి రాయించుకోండి.

ఏబీఏ పేరుతో గంటల తరబడి బల్ల దగ్గర కార్డులు చూపించే పద్ధతి పాతది. ఆటలో, అన్నంలో, స్నానంలో కలిపి నేర్పే సహజ పద్ధతులు చిన్నపిల్లలకు బాగా కుదురుతాయి, ఇంటివాళ్లకూ చేతనవుతాయి. ఏబీఏలో ఇంటికి తెచ్చుకోవాల్సిన పనిముట్టు ఒకటుంది. మొండితనం వచ్చినప్పుడల్లా ఒక నోటుపుస్తకంలో మూడు గడులు రాయండి: దానికి ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. ఏడు రోజులు రాస్తే వరస కనిపిస్తుంది. 'ఫోను తీసుకున్నాం, తల కొట్టుకున్నాడు, తిరిగి ఇచ్చేశాం' అని ఐదుసార్లు వస్తే సమాధానం అక్కడే ఉంది. అకస్మాత్తుగా మొదలైన తల బాదుకోవడానికి మాత్రం ముందు పన్ను, చెవి, మలబద్ధకం చూపించండి. నొప్పి చెప్పుకోలేని బిడ్డ చూపించే తీరు అది.

మందుల విషయం క్లుప్తంగా: ఆటిజానికి మందు లేదు. తీవ్రమైన చిరాకు, తనను తాను గాయపరచుకోవడం ఉంటే రిస్పెరిడోన్ లాంటివి సైకియాట్రిస్టు రాస్తారు, ఆకలి, బరువు పెరుగుతాయి, గమనిస్తూ ఉండాలి. ఫిట్స్ మందు సొంతంగా ఆపకూడదు.

ఇంట్లో చేసేది ఎలా ఉంటుంది

ఒక పని దగ్గరగా చూద్దాం. బిగుతు మూత ఉన్న, లోపలిది బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. బిడ్డకు బాగా ఇష్టమైన మురుకుల్ని వేలి గోరంత ముక్కలు చేసి పదో పన్నెండో వేయండి. మూత గట్టిగా పెట్టి బిడ్డకు అందేచోట ఉంచి, మీరు ఎదురుగా, మీ కళ్లు బిడ్డ కళ్లకు సమంగా ఉండేలా కింద కూర్చోండి. వాడు డబ్బా పట్టుకుంటాడు, తిప్పుతాడు, మూత రాదు. మీరు మాట్లాడకుండా మనసులో ఐదు వరకు లెక్కపెట్టండి. డబ్బా మీ చేతిలో పెట్టినా, మీ చెయ్యి లాగినా, మీ వంక చూసినా అదే అడగడం. వెంటనే 'తియ్యి' అని ఒక్క మాట అని, తీసి, ఒక్క ముక్కే ఇచ్చి మళ్లీ మూత పెట్టండి. పది ముక్కలంటే పదిసార్లు అడిగే అవకాశం. రెండు మూడు వారాలకు చెయ్యి లాగడం కుదురుకున్నాక 'తి...' అని ఆగి చూడండి.

ఇది ఎక్కడ చెడుతుందంటే: బిడ్డ అడగకముందే నాయనమ్మ జాలిపడి గుప్పెడు ఇచ్చేస్తుంది. లేదా 'ఏం కావాలి? చెప్పు, చెప్పు, మురుకులు అను' అని వరసగా అడుగుతారు, వాడు విసిగి వెళ్లిపోతాడు. లేదా ఒకరు నీళ్లు, ఒకరు వాటర్, ఒకరు జలం అంటారు. పది మాటలు ఎంచుకుని కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి, ఇంట్లో అందరూ అవే వాడాలి. కడుపు నిండా తిన్నాక ఇది చేస్తే పనిచేయదు, సాయంత్రం ఆకలి వేళ చేయాలి.

ఇలాంటివి పొద్దున ఒకటి, స్నానంలో ఒకటి, సాయంత్రం ఒకటి, పదేసి నిమిషాలు. మూడూ కలిపితే నెలకు 15 గంటలు, అంటే సెంటరు ఇచ్చేదానికి ఒకటిన్నర రెట్లు. సెంటరు వీటిని వారంవారం మార్చి ఇస్తుంటే మీ ఎంపిక సరైనదే.

ఊరు మారాలా?

థెరపీ కోసం పల్లె వదిలి నెల్లూరులోనో ఒంగోలులోనో రెండు గదుల ఇల్లు తీసుకునే కుటుంబాలు పెరుగుతున్నాయి. దీని గురించి తొందర పడొద్దని మా సలహా. ఊళ్లో తాతా నాయనమ్మా బిడ్డను చూసుకునే చేతులు, వాకిలి ఉంటుంది, దూడ ఉంటుంది, బిడ్డను ఎరిగిన పదిమంది ఉంటారు. టౌన్లో తల్లి ఒక్కతే గదిలో బిడ్డతో మిగిలిపోతుంది, వంట చేసుకోవడానికి ఫోన్ ఇచ్చేస్తుంది. ఆ 350 గంటలు అక్కడే చెడిపోతాయి. బిడ్డ అయిదేళ్ల లోపు ఉండి, నాయన పని కూడా టౌన్‌కు మారగలిగితే, ఇంకో పెద్దమనిషి వెంట వస్తే మారొచ్చు. లేకపోతే వారానికో, పదిహేను రోజులకో పోయి రావడమే నయం.

ఎక్కడున్నా నీటి సంగతి మరవొద్దు. ఆటిజం పిల్లలు చెప్పకుండా బయటికి నడిచిపోతారు, నీళ్లంటే చాలామందికి లాగుడు, అలా పోయిన ప్రాణాల్లో మునిగిపోయినవే ఎక్కువ. చెరువులు, కాలవలు, రొయ్యల గుంటలు ఇంటి పక్కనే ఉండే మన పల్లెల్లో వీధి తలుపుకు బిడ్డకు అందని ఎత్తులో గొళ్లెం, తలుపు తీస్తే మోగే గంట థెరపీ కన్నా ముందు. చొక్కా లోపల ఫోన్ నంబరు కుట్టండి. రొట్టెల పండగ లాంటి తిరునాళ్లకు పోతే చేతికి బ్యాండు మీద రాయండి. ఈత నేర్పగలిగితే నేర్పండి.

బడి

మూడేళ్లు నిండిన బిడ్డను అంగన్‌వాడీకి పంపడం మానొద్దు. బడి వయసులో మూడు దారులుంటాయి: ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి, ప్రత్యేక పాఠశాల. 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, తమకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ బడో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడో వైకల్యం చూపి 'చేర్చుకోబోము' అనడం చట్టానికి విరుద్ధం. అలా అంటే రాతపూర్వకంగా ఇవ్వమని అడిగి, ఎంఈఓ దగ్గరికి పోండి.

యాభై మంది ఉన్న ఇంగ్లీషు మీడియం తరగతిలో వెనక బెంచీ కన్నా, ఇరవై మంది ఉన్న ఊరి ప్రాథమిక బడి తెలుగు తరగతి, పక్కనే భవిత కేంద్రం ఉంటే, మాట ఇప్పుడిప్పుడే వస్తున్న బిడ్డకు ఎక్కువ మేలు చేస్తుంది. చూడాల్సింది టీచరు పేరుపెట్టి పిలుస్తుందా, బాత్రూంకు తోడు ఎవరు, విరామంలో ఎవరు చూస్తారు, గేటు మూసి ఉంటుందా. సొంత పనులు కూడా రాని, పెద్ద గుంపును భరించలేని బిడ్డకు ప్రత్యేక పాఠశాల సరైనది. అయితే అక్కడ హాస్టల్లో వదిలేయడం పదేళ్ల లోపు పిల్లలకు సలహా ఇవ్వం. తర్వాత పదో తరగతి దగ్గర ఇబ్బందైతే ఓపెన్ స్కూల్ దారి ఉంటుంది.

కాగితాలు, డబ్బు

వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం పరీక్షకు స్లాట్ సచివాలయంలో గానీ మీసేవలో గానీ బుక్ చేసుకోవాలి. ఆటిజానికి ఐసా అనే 40 అంశాల కొలబద్ద వాడతారు. మార్కులు 40 నుంచి 200 వరకు, 70 దగ్గర్నుంచి ఆటిజం లెక్క, 70కి 40 శాతం వైకల్యం. ఆ రోజు బిడ్డ హుషారుగా ఉండి, అడిగినవాళ్లకు 'అన్నీ చేస్తాడు' అని మొహమాటంగా చెప్తే శాతం తగ్గిపోతుంది. చెడ్డరోజు ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పండి. చిన్నపిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు, గడువు తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి.

40 శాతం, ఆపైన ఉంటే రాష్ట్ర పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చుకు కూడా, అందులోనే ఒక పరిమితిలో తిరిగి ఇస్తుంది. అందుకే ప్రైవేటు సెంటర్లో ప్రతి సెషన్‌కూ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న రసీదు అడగాలి, తెల్లకాగితం మీద రాసింది చెల్లదు. పాలసీ ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి వరకు, రెన్యువల్ మరిస్తే పోతుంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు పాత పద్ధతిలో 80డీడీ కింద 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు ఉంది.

ఎంచుకోకూడనివి

స్టెమ్ సెల్ ఎక్కించడం ఆటిజానికి చికిత్స కాదు, చేస్తే వృత్తిపరమైన తప్పు అవుతుందని జాతీయ వైద్య కమిషన్ నైతిక మండలి 2022 డిసెంబరులోనే చెప్పింది. అయినా పొలం అమ్మి లక్షలు పోస్తున్నారు. ఒంట్లో లోహాలు తీసేస్తామనే కీలేషన్ ప్రాణాంతకం, 2005లో అమెరికాలో అయిదేళ్ల బాలుడు దానివల్ల చనిపోయాడు. ఆక్సిజన్ గదులు, పాలు-గోధుమ మానేసే పత్యాలకు గట్టి ఆధారం లేదు. అసలే నాలుగు రకాలే తినే బిడ్డకు పత్యం పెడితే ఒంట్లో సత్తువ పోతుంది.

ఎప్పుడు మార్చాలి

మూడు నెలలు తప్పకుండా వెళ్లి, ఇంట్లోనూ చేసి, రాసుకున్న లక్ష్యాల్లో ఒక్కటీ కదలకపోతే ముందు థెరపిస్టుతో కూర్చుని లక్ష్యాన్ని చిన్న మెట్లుగా విడగొట్టమనండి. ఇంకో మూడు నెలలకూ అంతే ఉంటే మారండి. ఒక నెలలో మాటలు రాలేదని నాలుగు సెంటర్లు మార్చినా బిడ్డ ప్రతిచోటా మొదటి మెట్టు దగ్గరే ఉంటాడు. మానేసేటప్పుడు పాత లక్ష్యాల కాగితం, హాజరు రసీదులు, అంచనా రిపోర్టు అసలు ప్రతులు అడిగి తీసుకోండి.